అంకుడు కర్ర వరహాలు

షిఫ్టులు కలవని మొగుడూ పెళ్లాలు ఇకమీదట ఒకరినొకరు తరిమెన మీద కర్రతో చేసుకుని ఇంట్లో పెట్టుకోవచ్చని ఉక్కు ఫ్యాక్టరీ సంక్షేమ విభాగం నోటీసు అంటించిన రోజున కాలనీలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. బోర్డు దగ్గర గుమిగూడినవాళ్లు అడిగిందల్లా కర్ర ఫ్యాక్టరీ ఇస్తుందా, మనమే తెచ్చుకోవాలా అని. ఇంకెవరో, రాలిన పొట్టు నీళ్లు కాచుకోడానికి ఇంటికి పట్టుకుపోవచ్చా అని కూడా అడిగారు. కర్ర ఫ్యాక్టరీయే ఇస్తుందనీ, పొట్టు మాత్రం ఫ్యాక్టరీ ఆస్తి అనీ కింద చిన్నక్షరాల్లో రాసే ఉంది.

తరిమెన అంటే మరేం కాదు, కర్ర పని చేసే లేతు. కర్రముక్కని రెండు కొనల మధ్య బిగించి గిర్రున తిప్పుతూ ఉలి ఆనిస్తే అక్కర్లేనిదంతా రాలిపోయి బొంగరమో, పప్పుగుత్తో, అప్పడాల కర్రో మిగులుతుంది. కాలనీ పాత సైకిల్ షెడ్డులో అలాంటి తరిమెనలు నాలుగు పెట్టుకుని ఒక క్లబ్బు ఎప్పట్నించో నడుస్తోంది. పొద్దుపోని రిటైరైనవాళ్లు ఆదివారాలు అక్కడ చేరి ఒకరి బొంగరాన్ని ఒకరు మెచ్చుకునేవారు. ఈ నోటీసుతో వాళ్ల సరదా కాస్తా ఫ్యాక్టరీ విధానమైపోయింది. మగవాళ్లకొక బ్యాచి, ఆడవాళ్లకొక బ్యాచి పెట్టారు.

తరిమెన మీద గుండ్రంగా ఉన్నదే వస్తుంది. కాబట్టి దానిమీద పుట్టిన మనిషికి ముందూ వెనకా ఉండవు, ముక్కూ చెవులూ రావు. చేతుల సంగతి పై ఆఫీసుకి రాశారు. జవాబు వచ్చేదాకా కళ్లూ నోరూ రంగుతో దిద్దుకుని సరిపెట్టుకోవాలన్నారు. జనం తొందరగానే సరిపెట్టుకున్నారు. కొలిమి దగ్గర పనిచేసే ఒకావిడ, "అసలు మనిషికి మాత్రం నా మాట ఇనే సెవులున్నాయా ఏటి," అని సంతకం పెట్టి మొగుణ్ణి చంకలో పెట్టుకుని పోయింది.

కర్ర మీద లక్క పట్టించి, మొగలాకుతో మెరుగు పెట్టి, మిషను ఆపగానే బొమ్మ నోరు విప్పుతుంది. ఇందులో మంత్రాలూ తంత్రాలూ ఏమీ లేవు. చేసినవాడికి అవతలి మనిషి మాటలు ఎన్ని గుర్తుంటే అన్నే మాట్లాడుతుంది. జీతాల సెక్షన్లో ఒక గుమాస్తా చేసిన పెళ్లాం, "మా నాన్న ముందే చెప్పాడు," అని ఆగిపోయింది. పొద్దస్తమానం అదే మాట. ఏం చెప్పాడో గుమాస్తాకి గుర్తు లేదు, అందుకని ఆవిడకీ తెలీదు. అయినా ఇల్లు కళకళలాడుతోందనే అన్నాడతను.

రోలింగ్ మిల్లులో క్రేన్ నడిపే నూకరాజు క్లబ్బులో చేరింది ఇలాంటి రోజుల్లోనే. అతని భార్య వరహాలు. మేనమామ కూతురే. మెయిన్ గేటు దగ్గర కాటా మీద లారీలు తూస్తుంది. పెళ్లయిన కొత్తలో ఇద్దరిదీ ఒకటే షిఫ్టు. తర్వాత ఎవరో పైవాళ్లు షిఫ్టులు సర్దారు. ఆ సర్దుబాటులో వీళ్లిద్దరూ చెరో పక్కకి జారిపోయారు. ఇద్దర్నీ ఒక షిఫ్టులో వెయ్యమని నూకరాజు ఇన్‌ఛార్జిని అడిగాడు. ఒకే షిఫ్టులో ఉన్న మొగుడూ పెళ్లాలకి ఒకే రోజు జ్వరం వస్తుందని ఇన్‌ఛార్జి అన్నాడు. ఇదివరకు అలా జరిగిందనీ, ఫ్యాక్టరీ ఇంకా ఆ నష్టంలోంచి తేరుకోలేదనీ చెప్పాడు.

ఆమె డ్యూటీ దిగి వచ్చే బస్సూ, ఇతను డ్యూటీకి వెళ్లే బస్సూ మలుపు దగ్గర ఎదురెదురుగా దాటుకుంటాయి. అందుకని నూకరాజు జనాన్ని మోచేత్తో పొడుచుకుంటూ ఎక్కి కుడిపక్క కిటికీ సీటు పట్టుకునేవాడు. ఎదుటి బస్సులో ఒక చీర రంగు మెరిసేది. పసుపో, చిలకపచ్చో. డ్యూటీ అయ్యేదాకా ఆ రంగు సరిపోయేది అతనికి.

ఇంట్లో మాటలన్నీ వంటగిన్నెల మీద నడిచేవి. కూర మీద మూత బోర్లా ఉంటే ఉప్పు సరిపోయిందని, వెల్లకిలా ఉంటే ఎక్కువైందని. గరిటె గిన్నెకి అడ్డంగా ఉంటే కోపం. ఒకసారి గరిటె అలా ఉండటం చూసి, ఏం తప్పు చేశానో తెలీక నూకరాజు చాలా రోజులు తిండి సయించక తిరిగాడు. పాపం వరహాలు బస్సు తొందరలో అలా పడేసిపోయిందంతే. అతను తిండి మానేశాడని చూసి, తన వంట నచ్చలేదనుకుని ఆమె మసాలా మార్చింది. ఆ కొత్త మసాలా అతనికి పడలేదు. అయినా ఆమె నొచ్చుకుంటుందని మూత బోర్లానే పెట్టాడు.

ఆమెని ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని నింపాదిగా చూడాలనుంది నూకరాజుకి. అది కుదరదు కాబట్టి, అచ్చం ఆమెలాగే ఉన్న వరహాలుని ఒకదాన్ని చేసుకోవాలని తరిమెన ముందు నిలబడ్డాడు.

నేర్పేవాడు జగ్గప్పలు మేస్త్రి. లక్క బొమ్మలు చేసే ఊరు నించి వచ్చినవాడు. పెద్ద పొట్ట, ఆ పొట్టకి తగ్గ నవ్వు.

"ఉలి అలగ బిగించీకు నూకరాజూ. అదేటి క్రేన్ లివరనుకున్నావా?"

"మరెలగ పట్టుకోమంటావు మేస్త్రీ?"

"నీ ఇంటిదాని సెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో."

నూకరాజు ఆలోచనలో పడ్డాడు. మేస్త్రికి సంగతి అర్థమైంది. "పోనీలే, బస్సులో రాడ్డు పట్టుకున్నట్టు పట్టుకో," అన్నాడు. అప్పుడు చెయ్యి కుదిరింది.

పని మాత్రం నూకరాజుకి నచ్చింది. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఉలి సరిగ్గా ఆనిందంటే ముల్లంగి చెక్కు తీసినట్టు పొడుగ్గా పొరలు లేచి మెడమీదా జేబులోనూ పడతాయి. మొదట పప్పుగుత్తి చేశాడు. తర్వాత అప్పడాల కర్ర. తర్వాత అప్పడాల కర్రే చేయబోతే అది మధ్యలో సన్నబడి గంట పిడి అయింది. చెయ్యి తిరిగిందని మేస్త్రికి నమ్మకం కుదిరాక మనిషంత దుంగ బిగించి, కొలతలు చెప్పమన్నాడు.

"నీ పక్కన నిలబడితే ఎందాకా వస్తాది?"

"పెళ్లి ఫొటోలో నా నెత్తి దాకా ఉందండి."

"అయితే నెత్తి కాడ గీత పెట్టనా?"

"ఆగండాగండి. అప్పుడు పీటెక్కించినారు దాన్ని."

"పీటెంత ఎత్తు?"

నూకరాజుకి పీట ఎత్తు తెలీదు. వరహాలు నడుము, మెడ, తల చుట్టు, ఏదీ తెలీదు. తెలిసిందల్లా మంచం మీద పరుపులో ఆమె పడుకున్నచోట పడ్డ గుంట. అది మాత్రం బాగా తెలుసు. డ్యూటీ దిగి వచ్చి దాంట్లోనే కదా పడుకునేది. సరే అని ఇంటికి పోయి దుప్పటి తీసి, ఆ గుంట పొడుగూ వెడల్పూ లోతూ కొలిచి తెచ్చాడు. మేస్త్రి ఆ కొలతలు చూసి, "మనిషి పుష్టిగానే ఉందే," అన్నాడు.

చాలా రోజులు పట్టింది. చివరికి లక్క పట్టించి, మొగలాకుతో మెరుగు పెట్టి మిషను ఆపారు. బొమ్మ సన్నటి ఆడగొంతుతో, "ఏయ్, కుడిపక్క కిటికీ నాది, లెగు," అంది. అని గురక పెట్టింది.

క్లబ్బు కార్యదర్శి సోమయాజులుగారు సంక్షేమ విభాగంలో ఆఫీసరు. ముద్ర వెయ్యడానికి వచ్చి బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగారు. ముందూ వెనకా లేదు కాబట్టి రెండోసారి కూడా తిరిగారు.

"నూకరాజుగారూ, పని శుభ్రంగా ఉందండీ. కానీ మీసం కనబడుతోంది."

"మీసం నేనెయ్యనేదండి."

"అదేనండీ నేననేది. మీరు వెయ్యకుండానే వచ్చింది."

పరుపులో గుంట ఒక్క మనిషిది కాదని అప్పుడు తేలింది. ఒకళ్లు లేవగానే ఒకళ్లు అదే గుంటలో పడుకుని పడుకుని అది ఇద్దరిదీ అయిపోయింది. బొమ్మలో వరహాలు ఎంత ఉందో నూకరాజూ అంత ఉన్నాడు. భార్యలో భర్త పాలు పావువంతుకి మించకూడదని నియమం. భర్తలో భార్య పాలు గురించి నియమాల్లో ప్రస్తావన లేదు, అలాంటి కేసు ఇంతవరకూ రాలేదు. సోమయాజులుగారు ముద్ర వెయ్యలేదు. మీసాల వరహాలుని షెడ్డు అటక మీద పెట్టారు. అక్కడ గురక పెట్టుకుంటూ ఉంది.

అసలు మనిషిని చూసి కొలుచుకోడానికి ఒక్క పూట సెలవివ్వమని నూకరాజు అడిగాడు. క్లబ్బులో చేరినవాళ్లకి భార్యని చూసే సెలవు ఉండదన్నారు. చూడనక్కర్లేకుండా చేయడానికే కదా క్లబ్బు పెట్టింది అన్నారు. అందులో తప్పు పట్టడానికేమీ కనబడలేదు నూకరాజుకి. అందుకని ఒక మధ్యాహ్నం పంటినొప్పి అని చెప్పి, దవడ పట్టుకుని క్రేన్ దిగి ఇంటికి పోయాడు. ఆ వేళకి వరహాలు ఇంట్లో ఉండాలి.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కుర్చీలో ఎవరో మగమనిషి కూర్చుని ఉన్నాడు. గుండ్రంగా, నిగనిగలాడుతూ, నూకరాజు బనీను వేసుకుని. ముఖం మీద మీసం చక్కగా దిద్ది ఉంది. అద్దంలో తనకి ఎప్పుడూ కనబడనంత అందంగా ఉన్నాడు నూకరాజు.

"బస్సు పోతే పోనీ వరాలూ," అన్నాడు కర్ర నూకరాజు. "ఇంకోటొస్తాది. కూకో, ఆ ఓడ ఎల్లిపోయేదాకా సూద్దాం."

నూకరాజు గుమ్మంలోనే నిలబడిపోయాడు. భీమిలి సముద్రం ఒడ్డున, పెళ్లయిన కొత్తలో. తనే అన్నాడా ఆ మాట? అనే ఉంటాడు.

"క్రేన్ మీంచి సూస్తే నీ కాటా కనబడతాదే," అన్నాడు కర్ర మనిషి. "నువ్వు గొడుగేసుకుంటే మటుకు కనబడవు. ఎండయినా సరే, గొడుగెయ్యకేం."

ఆ మాటా తనదే. అతను ఎప్పుడో మర్చిపోయాడు, ఆమె మర్చిపోలేదు. కర్ర నూకరాజు అలా ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుపోతున్నాడు. మీ అమ్మ చేసిన చేపల పులుసు బాగుందన్నాడు. నీ పాదాలు చల్లగా ఉన్నాయి, ఇలా పెట్టు అన్నాడు. నూకరాజు చెప్పులు విడిచి, కింద కూర్చుని, తను ఒకప్పుడు ఎంత మంచివాడో శ్రద్ధగా విన్నాడు. వింటున్నకొద్దీ వాడి మీద కడుపుమంట పుట్టింది.

పక్క క్వార్టరు రత్నం పిన్ని చేటలో బియ్యం పట్టుకుని తొంగిచూసింది. కుర్చీ వంకా కింద వంకా చూసి, "ఇద్దరూ ఉన్నారేటి," అంది. "ఈయన్ని ఇందాకే తెచ్చి కూకోబెట్టి, నీ పెళ్లాం మల్లీ క్లబ్బుకెల్లింది బాబూ. ఆడోళ్ల బ్యాచి. రోజూ ఈ ఏలకే ఎల్తాది. నీకు సెప్పనేదా?"

"ఎలగ సెప్తాది పిన్నీ. ఆ ముక్కకి సరిపోయే గిన్నె మా ఇంట్లో నేదు."

షెడ్డు తలుపు తీసేసరికి వరహాలు చివరి తరిమెన ముందు ఉంది. జుట్టు నిండా తెల్ల పొట్టు, చెంగు బొడ్లో దోపుకుని, ఉలి తేలిగ్గా, ఊరికే తాకినట్టు పట్టుకుని పనిచేస్తోంది. ఫొటోలో కన్నా సన్నబడింది. చెవుల దగ్గర నాలుగు వెంట్రుకలు నెరిశాయి. పొట్టు అనుకుని చూశాడు, పొట్టు కాదు. అవి ఎప్పుడు నెరిశాయో అతను చూడలేదు.

ఆమె మిషను ఆపింది. "ఏటి బావా, డూటీ నేదా?"

"పంటినొప్పి."

"ఏ పన్ను? లవంగం పెట్టుకోపోయావా?"

"నిజం నొప్పి కాదే."

"ఓహో, దొంగనొప్పా," అని నవ్వింది. ఆ నవ్వు కొత్త నవ్వో పాత నవ్వో పోల్చుకోలేక నూకరాజు తబ్బిబ్బయ్యాడు.

"ఇంట్లో నన్ను సూశాను. ఇంకెవర్ని సేస్తన్నావు?"

"నన్నే."

"నిన్ను నువ్వెందుకు?"

"నువ్వొక్కడివే ఇంట్లో కూకుని మాటాడుకుంటన్నావు. నాను డూటీకెల్లిపోతే నీ మాట ఇనేవాళ్లు నేరు. సూడబుద్ది కానేదు."

"నానూ నిన్నే సేశాను."

"సూశాను. అటక మీదుంది. మీసం నీకన్నా దానికే బాగుంది."

జగ్గప్పలు మేస్త్రి అటు తిరిగి, పదునుగా ఉన్న ఉలినే మళ్లీ నూరుకోసాగాడు. బ్యాచి మారే సైరన్‌కి ఇంకా కాస్త వ్యవధి ఉంది. వరహాలు వచ్చి నూకరాజు పక్కన నిలబడింది. భుజం భుజం ఆనించి, తల నిటారుగా పెట్టింది. అతని చెవి తమ్మె దాకా వచ్చింది. అతను బొటనవేలితో అక్కడ గుర్తు పెట్టుకుని, చెయ్యి తియ్యడం మర్చిపోయాడు.

"కొలిసీసావా?" అంది.

"ఆ."

"మరోపాలి కొలు. తప్పొచ్చిందేమో."

మళ్లీ కొలిచాడు. తప్పు రాలేదు. సైరన్ కూసింది. ఆమె చెంగు దులుపుకుని ఆడవాళ్ల గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

ఆమె చెక్కి వదిలేసినచోట నూకరాజు అందుకున్నాడు. అతని బ్యాచిలో అతను, ఆమె బ్యాచిలో ఆమె అదే కర్ర మీద పనిచేశారు. మెడ ఆమె తీర్చింది, లక్క అతను పట్టించాడు. మొగలాకు ఎవరు పట్టినా ఒకటే కాబట్టి ఇద్దరూ పట్టారు. అంత మెరుగైన బొమ్మ క్లబ్బులో ఇంతవరకూ దిగలేదు. మిషను ఆగగానే అది, "తినీసావా బావా?" అంది. సోమయాజులుగారు మారుమాట లేకుండా ముద్ర వేశారు.

అది మొదలు ఆ క్వార్టర్లో కాపరం బ్రహ్మాండంగా సాగింది. కర్ర నూకరాజూ, కర్ర వరహాలూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పుకునేవారు. ఇరుగుపొరుగు పేరంటాలకీ వ్రతాలకీ వాళ్లనే పిలిచారు, వాళ్లయితే డ్యూటీ ఉందనరు కదా. కొత్తగా పెళ్లయినవాళ్లని తీసుకొచ్చి, మొగుడూ పెళ్లాలంటే ఇలా ఉండాలని చూపించారు. నూకరాజు వచ్చినప్పుడు వాళ్ల మాట మధ్యలో అడ్డం రావడం ఇష్టంలేక వంటింట్లోనే తిని, వంటింట్లోనే చాప వేసుకుని పడుకునేవాడు. తర్వాత చూస్తే ఆ చాప మీద వరహాలు జడపిన్ను దొరికింది. ఆమె కూడా అక్కడే పడుకుంటోందన్నమాట.

క్వార్టర్ల విభాగం వాళ్లు తనిఖీకి ఎప్పుడొచ్చినా ఇంట్లో కనబడింది కర్రవాళ్లే. రక్తమాంసాలవాళ్లు ఒక్కసారి కూడా ఇద్దరూ కలిసి కనబడలేదు. క్వార్టరు కాపరం ఉన్న జంటకి ఇచ్చేదిగానీ వచ్చిపోయేవాళ్లకి ఇచ్చేది కాదు. అందుకని దాన్ని కర్ర జంట పేరు మీదకి మార్చి, నూకరాజుకి పడమటి గేటు దగ్గర మగవాళ్ల హాస్టల్లోనూ, వరహాలుకి ఆస్పత్రి వెనక ఆడవాళ్ల హాస్టల్లోనూ మంచాలు కేటాయించారు. క్వార్టరు అద్దె మాత్రం వీళ్ల జీతాల్లోంచే కోశారు, ఎందుకంటే కర్రవాళ్లకి జీతాలు లేవు. ఇద్దరూ వేరువేరుగా సోమయాజులుగారి దగ్గరికి వెళ్లి, వేరువేరుగా నియమం విని, సబబుగానే ఉందని వేరువేరుగా సంతకాలు పెట్టారు.

ఒకరోజు ఫ్యాక్టరీకి కరెంటు పోయింది. అంత పెద్ద ఫ్యాక్టరీ ఒక్కసారిగా చల్లబడి, అన్ని షిఫ్టులకీ సెలవిచ్చేశారు. ఏం చెయ్యాలో తెలీక జనం రోడ్ల మీద పెళ్లివారిలా తిరిగారు. సాయంత్రం నూకరాజు తల దువ్వుకుని, అరడజను అరటిపళ్లు కొనుక్కుని క్వార్టరుకి వెళ్లాడు. అప్పటికే వరహాలు కిటికీ పక్కన, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె చేతిలో కారప్పూస పొట్లం.

నూకరాజు నోరు తెరవబోయాడు. ఆమె పెదాల మీద వేలు పెట్టి లోపలికి చూపించింది. ఇద్దరూ ఒకే కిటికీలోంచి, తలలు తాకేంత దగ్గరగా ఒంగి చూశారు. లోపల రత్నం పిన్ని వెలిగించి పెట్టిన దీపం ఉంది.

"ఈయేడు మామిడికాయలు బాగా కాస్తాయంట," అంటోంది కర్ర వరహాలు. "పెద్ద జాడీ కొందాం బావా. పిల్లలు పెద్దోళ్లవుతారు, చిన్న జాడీ సాలదు."

"కొందాంలే," అన్నాడు కర్ర నూకరాజు. "పెద్దదానికి నీ పోలికే రావాల."

కిటికీ బయట నూకరాజు వరహాలు వైపు తిరిగాడు. "ఈ మాట నువ్వెప్పుడన్నావే?" అన్నాడు గుసగుసగా.

"నానన్నేదు బావా. నువ్వన్నావనుకున్నాను."

"నానూ అన్నేదు."

ఎవరూ అనని మాటలు లోపల తాపీగా సాగిపోతున్నాయి. పిల్లకి పేరేం పెట్టాలో తేలలేదు. దానిమీద కాస్త కీచులాట వచ్చింది, మళ్లీ నవ్వుకున్నారు. ఆ నవ్వు విని వరహాలు నూకరాజు చొక్కా అంచు పట్టుకుంది.

"తలుపు కొడదామా?" అన్నాడతను.

"ఏటని సెప్తాం లోపలికెల్లి?"

అదీ నిజమే అనిపించింది. అరటిపళ్లూ కారప్పూసా గుమ్మం పక్కన పెట్టారు. కాగితం పొట్లం కరకరమని చప్పుడైంది.

"ఎవరో వొచ్చినట్టున్నారు బావా," అంది లోపల్నించి వరహాలు గొంతు.

"మనకోసం ఎవరొస్తారే," అంది నూకరాజు గొంతు. "డూటీకెల్లేవోళ్లయుంటారు."

బయట ఇద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని, అడుగు చప్పుడు కాకుండా మెట్లు దిగారు. రోడ్డు మీదకి వచ్చాక అతను పడమటి గేటు వైపు, ఆమె ఆస్పత్రి వైపు నడిచారు. కరెంటు వచ్చేసిందట, పొద్దున ఇద్దరికీ డ్యూటీ ఉంది.